ఆమె నొక్కని లింకు

వేదిక మీదున్న డైరెక్టరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, చోటు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ ల్యాబ్ మిత్రులకు, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా టైపిస్టు అక్కయ్యకు నమస్కారం. అక్కయ్యా, రెండు ముక్కల్లో ముగించమని మీరు కళ్లతోనే చెబుతున్నారు గానీ, ఇన్నేళ్లూ మీ మాట విన్నాను, ఈ ఒక్కపూట వినను. (నవ్వులు)

మన రక్తపరీక్షల రిపోర్టులు దాచే కంప్యూటర్లను చూసుకునే కంపెనీ పేరుతో నిరుడు ఒక ఉదయం మనందరికీ ఈమెయిల్ వచ్చింది. అదే లోగో, అదే సంతకం. మధ్యాహ్నంలోగా పాస్‌వర్డు మార్చుకోకపోతే రిపోర్టులు తెరుచుకోవని హెచ్చరిక. బయట రోగులు బారులు తీరి ఉన్నారన్న కంగారులో, ల్యాబ్ పెద్దనైన నేనే లింకు నొక్కి పాస్‌వర్డు కొట్టేశాను. పేజీ తెల్లగా మారి ఊరుకుంది.

అంతలో పక్క గదిలోంచి అక్కయ్య గొంతు: "ఎవరూ ఆ లింకు ముట్టుకోకండి! వాళ్లెప్పుడు రాసినా నా పేరు పెట్టి రాస్తారు, ఇందులో 'ప్రియమైన వినియోగదారుడు' అట. పంపినవాళ్ల అడ్రసులో ఒక అక్షరం ఎక్కువుంది, చూడండి!"

మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాకుండా, పాత ఒప్పందం కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేసి అడిగారు. తాము పంపలేదన్నారు కంపెనీవాళ్లు. వెంటనే అక్కయ్య ఆ మెయిల్‌ను వాళ్లకూ, మన కంప్యూటర్ విభాగానికీ పంపారు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నా ముఖం చూశారు.

"నొక్కేశారా సార్?"

"...నొక్కాను."

"ఎంతసేపైంది?"

"పావుగంట."

"సిగ్గు తర్వాత పడుదురు గానీ, ముందు లేవండి."

నన్ను వెంటబెట్టుకుని కంప్యూటర్ విభాగానికి తీసుకెళ్లారు. వాళ్లు నా ఖాతా మూసేసరికి, ఎవరో అప్పటికే రెండుసార్లు లోపలికి రావడానికి ప్రయత్నించారట. ఒక్క రోగి రిపోర్టూ బయటికి పోలేదు. డైరెక్టరు గారూ, ఆనాటి నివేదికలో 'ఒక ఉద్యోగి' అని ఉంది చూశారా, ఆ ఉద్యోగి నేనే. (నవ్వులు)

ఆ వారమే కంపెనీ తన ఖాతాదారులందరికీ హెచ్చరిక పంపింది. మరో నాలుగు ఆసుపత్రులు జాగ్రత్తపడ్డాయి. ఆ ఉత్తరంలో అక్కయ్య పేరు ఎక్కడా లేదు. అందుకే ఇవాళ ఈ మైకు అడిగి మరీ తీసుకున్నాను. ఈమెతో కలిసి పనిచేశానని ఎక్కడైనా తలెత్తుకుని చెప్పుకుంటాను.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. అక్కయ్యకు మాత్రం మైకులో కాదు, దగ్గరికి వచ్చి చెబుతాను. ఇక సెలవు.