గాలిలో లేత్ మిషన్

ఏంటీ, వారంలో సగం కాలేజీ, సగం ఫ్యాక్టరీయా నీకు? అదృష్టవంతురాలివే తల్లీ. మా రోజుల్లో... ఉండు, కళ్లజోడు ఎక్కడ పెట్టానో... ఆ, నెత్తిమీదే ఉంది. మా ట్రైనింగ్ స్కూల్లో లేత్ మీద ఇనుము చెక్కే పని నేర్పే మాస్టారొకాయన ఉండేవాడు. మిషనూ ఉండేది, దుప్పటి కప్పి, గదికి తాళం వేసి! పాడైతే ఎవరు జవాబు చెప్పాలని ప్రిన్సిపాల్ భయం. అంచేత మాస్టారు మా ఎదురుగా నిలబడి గాలిలో హ్యాండిల్ తిప్పేవాడు. ఆయన్ని చూసి మేమూ గాలిలో తిప్పేవాళ్లం. గుర్రుమని చప్పుడు కూడా మా నోటితోనే. కాస్త తగ్గిందో, "మోటారు ఆగిపోయిందేంట్రా?" అని గద్దించేవాడు. నవ్వకు, నిజం!

చదువు అయిపోవస్తుండగా ఫ్యాక్టరీవాళ్లు పిలిచారు. పని చేసి చూపిస్తే ఉద్యోగం. మా ఇంట్లో అప్పటికే అన్నయ్య ఖాళీగా కూర్చున్నాడు. నేనూ కూర్చున్నానంటే మా నాన్న ఇద్దర్నీ కలిపి ఉతికేసేవాడు. సరే, మొదటివాడు హ్యాండిల్ తిప్పాడు. ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతోంది, దాన్ని చెక్కాల్సిన టూల్ మాత్రం అలిగినట్టు వెనక్కి పోతోంది. రెండోవాడూ అంతే. నేనూ అంతే. సూపర్‌వైజర్ పొట్ట పట్టుకుని నవ్వుతూ, "ఏమయ్యా, మీకు ఇనుమంటే అంత భయమా?" అన్నాడు. మా వెంట వచ్చిన మాస్టారు తన చెయ్యి గాలిలో ఓసారి తిప్పి చూసుకున్నాడు. అప్పుడు వెలిగింది ఆయనకి. ఎదురుగా నిలబడి ఆయన కుడివైపు తిప్పితే మాకు ఎడమవైపు కనబడింది, మేం అలాగే నేర్చేసుకున్నాం!

అయినా తగ్గాడా? "అయ్యా, ఒక్కడు తప్పు చేస్తే వాడి తప్పు. అందరూ ఒకే తప్పు చేశారంటే నేను నేర్పింది పొల్లు పోకుండా పట్టారన్నమాట. ఇలాంటివాళ్లకి మీ మిషన్ల మీద నేర్పితే ఇంకెలా పట్టేస్తారో ఆలోచించండి" అన్నాడు. సూపర్‌వైజర్ నవ్వుతూనే సరేనన్నాడు. ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం పాఠం ఫ్యాక్టరీలోనే. మాస్టారు మాత్రం ఇక మావైపు తిరిగితే ఒట్టు. మాకు వీపు పెట్టే చూపించేవాడు. ఒకసారి తనిఖీకొచ్చిన పెద్దాయన, "ఇదేం మర్యాదండీ?" అని ఇంతెత్తున లేచాడు. "మొహం చూపిస్తే పిల్లల ఉద్యోగాలు పోతున్నాయండీ" అన్నాడీయన, వెనక్కి తిరక్కుండానే!

అందరికీ ఉద్యోగాలొచ్చాయి. మా నాన్న నా భుజమ్మీద చెయ్యేసింది ఆ రోజే. మాస్టారు పోయి ఎన్నేళ్లయిందో... ఎంత ఆలోచించినా మొహం సరిగ్గా గుర్తుకు రాదు తల్లీ. చొక్కా వెనక చెమట మరక, కుడిచెయ్యి అలా నెమ్మదిగా తిప్పడం, అంతే. ఆ వీపంటే నాకు ప్రాణం.

సర్లే, నీకు బస్సు తప్పిపోతుంది. బయల్దేరు.