ఆంథోని లంకను గుంజుకొచ్చిన వైనం

దగ్గరికి జరిగి కూర్చోండి. చెప్పేవాడికి నోరూ, వినేవాళ్లకు చెవులూ ఇచ్చిన ఆ తండ్రికి ఒక స్తోత్రం చెప్పుకొని మొదలుపెడతాను.

దమ్మపేట అవతల మా ఊళ్లో ఆంథోని అని ఒకాయన ఉన్నాడు. కువైట్‌లో ఏళ్ల తరబడి ఒక సేటు ఇంట్లో కారు నడిపి వచ్చినవాడు. ఆదివారం పూజకు తప్పడు, జేబులో జపమాల లేనిదే గడప దాటడు. నోరు తెరిచాడంటే మాత్రం మాటలు కోటలు దాటుతాయి. దేవుడు అతనికి పిల్లల్ని ఇవ్వలేదు. లూర్దమ్మను ఇచ్చాడు, మళ్లీ తనే తీసుకున్నాడు.

ఆమె పోయినప్పుడు ఆంథోని కువైట్‌లోనే ఉన్నాడు. ఎస్టీడీ బూతు నుంచి కబురు అందగానే సేటును బతిమాలుకొని బయలుదేరాడు గానీ, దొరికిన టికెట్టు తిన్నగా వచ్చేది కాదు. శ్రీలంకలో దిగి, ఒక పగలూ ఒక రాత్రీ అక్కడే ఆగి, ఇంకో విమానం ఎక్కాలి. ఇక్కడేమో ఐసు దిమ్మలు కరిగిపోతున్నాయి. పెద్దలు చూసి చూసి, ఇక లాభం లేదని మట్టి చేశారు. ఆంథోని ఆటో దిగేసరికి ఇంటి ముందు షామియానా విప్పుతున్నారు.

మూడోనాటి ప్రార్థనకు అందరూ సమాధి దగ్గరికి పోతే అతనికి జ్వరం. నలభయ్యోనాటికి ఎవరిదో ట్రాక్టర్ చెడిపోయిందని సత్తుపల్లి పోయాడు. అలా అలా, నేను చెప్పబోయే రోజు దాకా సమాధుల తోట గేటు దాటలేదు. ఆ చావు గురించి అతని ముందు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు, అతనూ ఎత్తేవాడు కాదు. లంకలో గడిపిన ఆ ఒక్కరోజు గురించి మాత్రం, అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు. ఏటేటా ఆ రోజు పొడుగవుతూనే ఉండేది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ సాయంత్రం సమాధుల పండుగ. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: నవంబరు రెండో తారీకున మా విచారణవాళ్లంతా, అంటే మా గుడి కిందికి వచ్చే ఊళ్లవాళ్లంతా, తమవాళ్ల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, పొద్దువాలగానే కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదరుగారు వెలుగున్న ప్రతి సమాధి దగ్గరా ఆగి, తీర్థం చల్లి, పేరు పెట్టి ప్రార్థిస్తారు. చీకటిగా ఉన్న సమాధి దగ్గర ఆగరు. దాని తాలూకు మనుషులు ఎవరూ లేరేమో అనుకుంటారు.

ఆ తోటకు పోయే బాట మీదే రూప్‌సింగ్ చాయ్ హోటల్. ఆంథోని అక్కడి బల్ల మీద, బాటకు వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కన కల్లు గీయడానికి తాళ్లెక్కే లచ్చయ్య, వెనక బల్లల మీద మేం కొందరం. పూలబుట్టలతో పోయేవాళ్ల అడుగుల చప్పుడు వినపడుతున్నా ఆంథోని తల తిప్పడంలేదు.

లూర్దమ్మ చెల్లెలు శౌరమ్మ వచ్చి, సున్నపు బకెట్టు అతని కాళ్ల దగ్గర దింపింది. అందులో కుంచె ఉంది.

"బావా, అక్క పోయినప్పటి సంది సున్నం నేనే ఏస్తున్న. ఈ ఏడు ఎయ్య. కలిపి తెచ్చిన. నువ్వు లేస్తే పోదాం. లేవకుంటే అక్కది గట్లనే ఉంటది. ఫాదరు దాటి పోతడు."

"పోదాం తియ్యి. చాయ్ తాగనియ్యవా?" అన్నాడు ఆంథోని.

"తాగు. నేను కూసుంట." అంటూ ఎదురు బల్ల మీద కూర్చుంది శౌరమ్మ. పొద్దు అప్పటికే పామాయిల్ తోటల తలల మీదికి దిగింది.

రూప్‌సింగ్ ఇంకో గ్లాసు చాయ్ తెచ్చి పెట్టాడు. అలవాటు కొద్దీ నోరు జారాడు. "ఏందన్నా, గీ పొద్దు లంక ముచ్చట లేదా?"

ఎండిన బావిలో ఊట పడ్డట్టయింది ఆంథోనికి. గ్లాసు అందుకున్నాడు.

"ఏం చెప్పాలె తమ్మీ! విమానం దిగంగనే ఒకడు ఉరికొచ్చి, 'సార్, మీకు రూము, భోజనం, అంత మాదే' అన్నడు. సార్ అన్నడు లచ్చన్నా, సార్! ఆ రూముల మంచం ఉంది చూడు, గంత మెత్తటిది ఈ జన్మల చూడలే, కూసుంటే నడుము దాక దిగబడ్డ. ఇద్దరొచ్చి చెరో రెక్క పట్టి గుంజిన్రు, బురదల దిగబడ్డ దున్నను గుంజినట్టు."

"మరి పండుకున్నవా?" అడిగాడు లచ్చయ్య.

"గంత దూరం పోయి ఎవరన్న పండుకుంటరా? చాయ్ తెమ్మన్న. లంకంత చాయ్ తోటలేనాయె, తెచ్చిన్రు, తాగిన, థూ! 'అయ్యా, మీకు ఆకు పెంచుడు వచ్చింది గని కాచుడు రాలే' అని వాళ్ల వంటింట్లకే పోయిన. అల్లం దంచేసి, మన రూప్‌సింగ్ కాచినట్టు పొంగు మీద పొంగు రానిచ్చి పోసిన. వాళ్ల మేనేజరు ఒక్క గుక్క తాగిండు, గోడకు ఒరిగిండు, 'ఇన్నేండ్లు ఏం తాగినమో' అని ఎక్కెక్కి ఏడ్సిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? హోటల్ ముంగట లైను కట్టిన్రు. పోలీసులు రావాల్సి వచ్చింది!"

"నా చాయ్ తాగి ఆడ మేనేజర్లు ఏడుస్తరు, ఈడ నువ్వు ఒక్కనాడన్న బాగుందనకపోతివి," అన్నాడు రూప్‌సింగ్.

"నీ ముంగట అంటే రేపటి సంది నీళ్లు కలుపుతవని."

లచ్చయ్య పొలమారేలా నవ్వాడు. శౌరమ్మ నవ్వలేదు. బకెట్టులో సున్నం అడుగుకు పేరుకుంటుంటే కుంచెతో ఒకసారి కలిపి, మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నవ్వు వినపడితే ఆంథోనికి ఇక పట్టపగ్గాలు ఉంటాయా? గొంతు ఇంకొంచెం లేపాడు.

"గట్ల సముద్రం ఒడ్డుకు పోయిన. ఆడ ఒక కొబ్బరిచెట్టు. నువ్వెక్కే తాళ్లు దాని ముంగట మునిమనవరాండ్లు లచ్చన్నా. ఎవ్వడు కొస చూసినోడు లేడట. నేను చూస్త అన్న."

"మోకు కట్టుకున్నవా?" లచ్చయ్యకు అది వృత్తి విషయం. నడుముకు తాడు లేకుండా చెట్టెక్కడమంటే అతనికి ఒళ్లు మండుతుంది.

"మోకెందుకు? పట్టిన, పాకిన. సగం ఎక్కేసరికి మబ్బు తగిలింది, అంగీ తడిసి ముద్దయింది. మబ్బు దాటి మీదికి పోతే ఎండ. అంగీ విప్పి కొమ్మకు ఆరేసిన."

"కొబ్బరిచెట్టుకు కొమ్మేందయ్యా?"

"గంత మీదికి పోతే ఉంటది. నువ్వు పోయినవా చూసెతందుకు? ఇను. కొసకు పోయి ఇటు తిరిగి చూస్తే ఏం కనవడాలె? గోదారి! భద్రాచలం గోపురం, పాపికొండలు, ఈ పక్క మన తోటలు, మన గుడి మీది సిలువ. సిలువకు ఇటు పక్క మా ఇల్లు. ఇంటి ముంగట షామియానా. కుర్చీలేసుకొని జనం. నడుమ..."

ఆగాడు. చేతిలో గ్లాసు ఖాళీ అయిందని చూసుకొని కూడా మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. 

"కొబ్బరాకు అడ్డమొచ్చింది," అన్నాడు. "సరిగ్గ కనవడలే."

బాట మీద ఒక కుటుంబం కొవ్వొత్తుల పొట్లం పట్టుకొని పోయింది. శౌరమ్మ వాళ్లను చూసి, ఆకాశం చూసి, "పొద్దు పోతుంది బావా," అంది.

"అయిపోయింది, అయిపోయింది, కొంచెమే ఉంది." ఆంథోని చేతులూపాడు. భయపడ్డ మనిషి ఎంత జోరుగా మాట్లాడతాడో మీకు తెలుసు కదా.

రూప్‌సింగ్ జాలిపడ్డాడో, కథ మీద ఆశో, ఒక మాట అందించాడు. "అన్నా, మన పర్ణశాల కాడి నుంచి సీతమ్మ తల్లిని ఎత్కపోయింది గాడికేనాయె?"

"గాడికే! నేను నిలదీసిన. 'మీ వోడు మా ఊరి కాడికొచ్చి గట్ల చేసుడేంది, పెద్దమనుషులు ఉన్నరా లేరా' అన్న. తలకాయలు దించిన్రు."

"ఎన్ని?"

"ఎన్నేంది?"

"తలకాయలు. మనిషికి పదా?"

"ఇప్పుడు ఒక్కటే. అన్నిటికీ తిండి పెట్టలేక తగ్గించుకున్నరట."

ఈసారి పొయ్యి దగ్గరున్న రూప్‌సింగ్ భార్య గోరి కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. "మరి రాములవారు వారధి కట్టి వచ్చిండు. నువ్వెట్లొచ్చినవన్నా?" అని అడిగింది.

"రామునికి తమ్ముడుండె. హనుమంతుడుండె. ఎంత సైన్యముండె. నాకెవరున్నరమ్మా?" అన్నాడు ఆంథోని. "ఒక్కణ్ణి. విమానమేమో తెల్లారే దాక లేదంటరు. కౌంటర్ కాడి పిల్లను అడిగిన, మళ్లీ అడిగిన, చేతులు జోడించిన. 'ప్లీజ్ సిట్ సార్' అంటది. ఎంత సేపని సిట్? అప్పుడు తట్టింది నాకు. నేను పోవుడెందుకు, దీన్నే గుంజుకపోతే?"

"దేన్ని?"

"లంకను."

లచ్చయ్య బీడీ నోట్లోంచి తీశాడు.

"గట్ల చూడకు. చుట్టూ నీళ్లున్నయి, నడిమిట్ల ఇది ఉంది. అంటే తేలుతున్నట్టే గద? ఓడలు కట్టే మోకు తెచ్చిన, తొడంత లావుది. ఒడ్డెంబడి చెట్లన్నిటికి చుట్టిన, కొస నా నడుముకు కట్టిన." ఆంథోని లేచి, భుజం మీది తువ్వాల తీసి హోటల్ గుంజకు చుట్టి, రెండు కొసలూ తన నడుము ముందు బిగించి పట్టుకున్నాడు. "సిలువ గుర్తు ఏసుకున్న. 'పునీత అంతోనివారా, పోయినవి దొరికిచ్చేటోనివి, నీ పేరు పెట్టుకున్నోణ్ణి, ఒక చెయ్యి పట్టు' అని సముద్రంల దిగిన. గుంజిన. కదల్లే. మళ్లీ గుంజిన. కిర్రుమంది! కింద ఊడలు తెగినయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కదిలింది తమ్మీ! హోటలు, మంచాలు, చాయ్ తోటలు, కౌంటర్ కాడి పిల్ల, అంత నా ఎనకనే! ఏనుగులన్ని ఒకదిక్కు ఉరికి లంక ఒరిగిపోతుంటే, 'నడిమిట్ల నిలవడుండ్రి, ముంచుతరా ఏంది' అని ఒక్క కేకేసిన, లైనుగ నిలవడ్డయి. రామేశ్వరం దాటిన. మద్రాసు దాటిన. బందరు కాడ జనం ఒడ్డుకొచ్చి చేతులూపుతున్నరు, నాకు ఊపనీకి టైము లేదు. గోదాట్ల మలిపిన. రాజమండ్రి బ్రిడ్జి కింద పట్టదంటే చెట్లన్ని వంగమన్న, వంగినయి. పాపికొండలు, కూనవరం, భద్రాచలం, ఇగ వచ్చిన, ఇగ వచ్చిన..."

గుంజ ఊగుతోంది. బల్ల మీద గ్లాసులు గలగలమంటున్నాయి. ఆంథోని మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, కళ్లలోంచి నీళ్లు వస్తున్నాయి, ఆయాసంతోనే అనుకోవాలి. కథ వింటున్నవాళ్లు ఎవరూ నవ్వడం లేదు. నిజంగానే ఏదో వెనకాల వస్తున్నట్టు, లచ్చయ్య ఒకసారి బాట వైపు చూశాడు.

"బావా," అంది శౌరమ్మ.

ఆమె గొంతు పెంచలేదు.

"గంత లంకను గుంజుకొచ్చినోనివి, మా అక్కకు పిడికెడు మట్టెయ్యనీకి రాకపోతివి గద."

గ్లాసుల చప్పుడు ఆగింది. తోట వైపు నుంచి గంట మోగింది. ఫాదరుగారు వచ్చినట్టున్నారు.

ఆంథోని తువ్వాల వదల్లేదు. అలాగే పట్టుకొని నిలబడ్డాడు. "తాడు తెగింది శౌరమ్మా," అన్నాడు.

"ఏడ?"

 రూప్‌సింగ్ పొయ్యి మంట తగ్గించాడు.

"ఆ కుర్చీ కాడ్నే," అన్నాడు ఆంథోని. "కౌంటర్ ఎదురుంగ కుర్చీలుంటయి. రూము చీటి ఇచ్చిన్రు, పోలే. పోతే పిలిచినప్పుడు ఇనపడదని. ఒకవేళ ముందు విమానం ఏదన్న ఉందంటరేమోనని. తెల్లారే దాక ఆడ్నే కూసున్న. సముద్రం చూడనే లేదు."

దేవుని ముందు అబద్ధమాడకూడదు గనుక చెబుతున్నా, అంతవరకు ఆ మనిషి నోటి వెంట అంత చిన్న మాటలు మేమెప్పుడూ వినలేదు. ఒకప్పుడు ఎగతాళి చేసినవాళ్లం కూడా అక్కడే ఉన్నాం. 

శౌరమ్మ లేచి, గుంజకున్న తువ్వాల విప్పి అతని భుజం మీద వేసింది. బకెట్టులోంచి కుంచె తీసి, అంచుకు రాసి కారే సున్నం విదిల్చి, పిడి అతని వైపు తిప్పి పట్టుకుంది. ఆంథోని దాన్ని చూశాడు. పొద్దు తోటల వెనక్కి దిగిపోయింది, వెలుగు ఇంకా కొంచెం మిగిలి ఉంది.

అతను కుంచె అందుకున్నాడు. బకెట్టు ఎత్తబోతే లచ్చయ్య ముందే ఎత్తాడు. "నడువు," అన్నాడు. రూప్‌సింగ్ చాయ్‌కి పైసలడగలేదు. గోరి లోపలి నుంచి అగ్గిపెట్టె తెచ్చి శౌరమ్మ చేతిలో పెట్టింది.

బాట పొడుగూ ఆంథోని శౌరమ్మ వెనకే నడిచాడు. గేటు లోపల ఎక్కడ చూసినా తెల్లటి సమాధులు, వాటి మీద కొవ్వొత్తులు, పక్కన తలలు వంచిన మనుషులు. ఫాదరుగారు తీర్థం పాత్రతో మొదటి వరుసలో ఉన్నారు. గేటు దాటి ఒక అడుగు వేసి ఆంథోని ఆగిపోయాడు. కుంచెలోంచి సున్నం అతని చెప్పు మీద బొట్లు బొట్లుగా పడుతోంది. అటు చూశాడు, ఇటు చూశాడు.

"శౌరమ్మా," అన్నాడు, "ఎటు పోవాలె?"