మూడో వరస

1999 చివర, హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం. గేటు దగ్గర కాపలా కాసే తిరుపతి ఒకప్పుడు జవాను. భర్తకు అన్నం డబ్బా తెచ్చిన నర్సు రూబీని గుర్తుపట్టి సెల్యూట్ కొట్టాడు, కళ్ళు తుడుచుకున్నాడు, టీ తేవడానికి పరుగెత్తాడు. ఆమె భర్త నతానియేల్‌కు ఆ కన్నీళ్ళు మింగుడు పడలేదు.

“ఇష్టం ఉన్నవాళ్ళ పక్కనే మనిషి కూర్చుంటాడు, రూబీ. ఈ మాట లోకంలో ఎవరూ కాదనరు.”

“ముందు తినండి.”

“శ్రీలంకలో, మిలిటరీ ఆసుపత్రి డేరాలో, అందరినీ వదిలేసి అతని చెయ్యే పట్టుకు కూర్చున్నావట, ఇప్పుడే చెప్పాడు. కుడిదా, ఎడమదా?”

“ఏమిటది?”

“పట్టుకున్న చెయ్యి.”

“అబ్బ! మన పెళ్ళికి ముందెప్పటి సంగతో అండీ.”

“అదే! పెళ్ళికి ముందు సంగతే అడుగుతున్నా. అంతమందిలో అతనే ఎందుకు?”

“పప్పు చల్లారిపోతోంది.”

“చల్లారనీ. నాకు టైఫాయిడ్ వస్తే మాత్ర చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయావు. గుర్తుందా?”

“మీరు బతుకుతారని తెలుసు కాబట్టి వెళ్ళాను.”

“అంటే?”

“ఏం లేదు. కలుపుకోండి.”

“కలుపుకోను. చెప్పు.”

“మెల్లగా. అతను వింటాడు.”

“విననీ!”

“వినకూడదు. అందుకే ఇన్నాళ్ళూ మీకూ చెప్పలేదు. ఆ రోజు మందుపాతర పేలింది. లారీల్లో తెచ్చారు. ఆపరేషన్ బల్లలు రెండే. డాక్టరుగారు ఒక్కొక్కరినీ చూసి మూడు వరసలు పెట్టించారు. వెంటనే కోస్తే బతికేవాళ్ళు మొదటి వరస. కాసేపు ఆగగలిగినవాళ్ళు రెండోది.”

“మూడోది?”

“కోసినా బతకరనుకున్నవాళ్ళు. వాళ్ళకోసం బల్ల ఆపితే మొదటి వరసలో వాళ్ళు పోతారు. నొప్పి తెలియకుండా సూది వేసి, ఒంటరిగా పోకుండా పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. నన్ను కూర్చోమన్నారు.”

“అయితే... తిరుపతి?”

“మూడో వరసే. చివరికి అందులో అతనొక్కడే మిగిలాడు. బల్ల ఖాళీ అయ్యాక చూస్తే ఇంకా ఊపిరి ఉంది. అప్పుడు తీసుకెళ్ళారు.”

“అతనికి తెలియదా?”

“తెలియదు. ఊరుకోండి, వస్తున్నాడు.”

“టీ, మేడమ్. జర పైలం, మస్తు వేడి ఉంది. ఏంది సార్, తింటలేరు?”

“తింటాను, తిరుపతీ.”

“మేడమ్, ఒక్క ముచ్చట అడుగుత, ఏమనుకోకుండ్రి. మిలిటరీలకెళ్ళి ఇంటికి పంపినంక చచ్చిపోదామనుకున్న. గంతమందిల మేడమ్ నన్నే ఏరుకున్నది, నేను గూడ ఏదో ఒకందుకు పనికొస్త అని యాద్ చేసుకున్న. గదే నిలబెట్టింది. ఖాజాగూడల మా ఇంటామె సత్తెమ్మ నమ్మదు. ‘నీ మొకం జూసి కూసున్నదా?’ అంటది. ఇయ్యాల ఇంటికి వోయి చెప్పాలె. ఎందుకు కూసున్నరు మేడమ్, నా పక్కకే?”

“అది... ఆ రోజు, తిరుపతీ...”

“ఆగు రూబీ. నేను చెబుతాను.”

“ఏవండీ, వద్దు—”

“నువ్వంటే ఇష్టమయ్యే కూర్చుంది, తిరుపతీ. ఇప్పుడే నా దగ్గర ఒప్పుకుంది.”