సత్యకుమారి కూతురికి చెప్పిన మాట

ఏంటమ్మాయ్, కడుపుతో ఉండి ఆ బీరేంటి? అరగ్లాసేనా? అరా లేదు, పావూ లేదు, అవతల పెట్టు. తిట్టట్లేదులే, ఇలా కూర్చో. అబ్బ, ఈ దుబాయ్ సత్వా గదుల్లో కాలు కదపడానికి చోటుండదు, నాకేమో ఒకచోట కూర్చోబుద్ధి కాదు. నువ్వు పడుకునే మంచం ముందు సత్యకుమారిది, తెలుసా? మా అమలాపురం వైపు పిల్లే. పోయి మూడేళ్లయింది. నవ్విందంటే కింద ఫ్లాటోళ్లకి వినపడేది. కూతురు పద్మజ కడుపులో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం తాటికల్లు తాగిందట. అత్తగారే ముంత అందించి, "తాగవే, చలవ, పిల్ల బలంగా పుడతాది" అనేదట. వద్దని ఎవరు చెప్పారు మరి దానికి? పిల్ల పిడికెడంత పుట్టింది. నడక ఆలస్యం, మాట ఆలస్యం. బళ్లో కుదురుగా కూర్చోదు, పొద్దున నేర్చింది మధ్యాహ్నానికి ఉండదు. పంతులుగారి బెత్తం, నాయనమ్మ తిట్లు, పిల్లని అత్తగారి దగ్గరొదిలి ఇక్కడికొచ్చిన సత్యకుమారేమో ఫోన్లో "బద్ధకం పట్టిందే నీకు" అని అరుపులు. నేనూ అరిచాను, అబద్ధమెందుకు.

కరోనా వచ్చిన మరుసటేడు... ఆ ఏసీ ఏంటి, అలా మోగుతోంది? ఆఁ, అప్పుడు సత్యకుమారి పిల్లల డాక్టరు షహర్బాను గారింట్లో పనిచేసేది. ఓరోజు వీడియో కాల్లో పద్మజ చిన్న కళ్లు, పల్చటి పైపెదవి చూసి, ఆవిడ హిందీలో మెల్లిగా అడిగిందట, కడుపుతో ఉండగా మందు తాగావా అని. "మందు కాదు మేడమ్, కల్లు" అంది సత్యకుమారి. "ఏదైనా ఒకటే. నువ్వు తాగింది బిడ్డకీ పోతుంది, తయారవుతున్న బుర్రకి దెబ్బ. ఊళ్లో చూపించు" అందావిడ. కాకినాడ డాక్టర్లూ అదేనన్నారు. నయం చేసే మాత్రల్లేవు, కొట్టకండి, ఒకసారికి ఒక్క పనే చెప్పండి అన్నారు.

వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదది. "దానికెలా చెప్పనక్కా?" అంటాది. "చెప్పకే, దానికేం తెలుస్తాది" అన్నాన్నేను. వినలేదు. శుక్రవారం సెలవు, ఇదిగో ఈ తలుపు దగ్గరే నిలబడి ఫోను చేసింది. "నువ్వు కడుపులో ఉండగా కల్లు తాగానమ్మా. తెలీక తాగాను. అందుకే నీకు చదువు పట్టుబడట్లేదు, నీ తప్పు కాదు" అంది. పిల్ల అట్నుంచి అడిగింది, "అయితే నాది బద్ధకం కాదామ్మా?" "కాదు తల్లీ." "మా పంతులుగారికి కూడా చెప్పవా?"

చెప్పింది, సిగ్గిడిచి. బెత్తం ఆగింది. పిల్ల ఇప్పుడు టైలరు దగ్గర హుక్కులు కుడతాది, ఒక జాకెట్టు అయ్యాకే ఇంకోటి.

మరుసటేడే గుండెనొప్పితో పోయింది సత్యకుమారి. శవంతో నేనే ఊరెళ్లాను. శవం ఇంట్లో ఉండగానే అత్తగారు, చుట్టాలు, "తాగి తాగి పిల్లని పాడుచేసింది" అని ఆడిపోసుకుంటున్నారు. పద్మజ లేచి నిలబడింది. "మా అమ్మ నాకు చెప్పింది. మీరెవరూ చెప్పలేదు" అంది.

...

ఆ గ్లాసిటివ్వు, పారబోస్తాను. నీ డ్యూటీ బస్సు ఎన్నింటికన్నావ్?