మన్నీ వేలాడిన మేకు

ఇదిగో మరిదీ, కొమ్మ మీంచి నన్నలా ఉరిమి చూడకు. చూడ్డానికి నీకిప్పుడు కళ్ళు లేవులే, అలవాటు కొద్దీ అన్నాను. రెండు ముక్కలు చెప్పి రమ్మని నీ కొడుకులు నన్ను పంపారు. రెండే ముక్కలు. చెప్పేసి వెళ్ళి టీ తాగుతాను.

వాళ్ళే రావచ్చుగా అంటావా? సిగ్గు. అదిగో, ఢాబా మంచం మీద కూర్చుని సిగ్గు పడుతున్నారు. పెద్దాడు బీర్బల్ సిగ్గుతోనే ఇంకో పరాఠా చెప్పాడు ఇప్పుడే. "పెద్దమ్మా, నాన్నకి నువ్వు చెప్పు. ఆయన విన్నాడంటే నీ మాటే విన్నాడు" అంటాడు. విన్నావా? నాకు గుర్తు లేదు. నేను అరిస్తే ఊరంతా వినేది, ఆ ఊళ్ళో నువ్వూ ఉండేవాడివి. అంతే.

సరే. మొదటి ముక్క. మొన్న నిన్ను ఈ వేపకొమ్మకి తగిలించి మరిచిపోయారు.

ఎలా మరిచిపోయారూ అంటే... ఉండు, అది చెప్పాలంటే మన్నీ దగ్గర మొదలెట్టాలి.

మా నాన్నకి వరసపెట్టి ఆడపిల్లలే. నాకు ధాపీ అని పేరు పెట్టారు. 'ఇక చాలు' అని దేవుడికి కబురు. దేవుడు వినలేదు. నా వెనకాల మన్నీ పుట్టింది. నన్ను మీ అన్నకీ, దాన్ని నీకూ ఒకే పందిట్లో కట్టబెట్టేశారు. మీ అన్న సంగతి పర్లేదు, ఉన్నన్నాళ్ళూ ఉన్నాడు, పోయాడు, పోయిన వారానికి గంగలో కలిశాడు. నీ సంగతే.

మన్నీ నిన్ను అడిగింది ఒక్కటే కదయ్యా! గంగ చూడాలి. ఒక్కసారి. దానికోసం పసుపుపచ్చ ఓణీ పెట్టె అడుగున దాచుకుంది. "శనగలు కోశాక" అన్నావు. కోశావు. "పంచాయతీ ఎన్నికలు అవనీ" అన్నావు. అయ్యాయి. "ఒంటెకి బాలేదు" అన్నావు. ఒంటె లేచి తిరిగింది, మన్నీ పడకేసింది.

అసలు సంగతి నాకు తెలీదనుకున్నావా? నీకు బండి పడదు. బస్సు మెట్టు మీద కాలు పెడితే వాంతి. ఊళ్ళో మీసం మెలేసుకుని తిరిగే హనుతారాం చౌధరి కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుకుంటూ పోతుంటే పరువేం కాను? ఆ మీసం కోసం ఒక ఆడది గంగ చూడకుండానే పోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, పోయాకైనా తీసుకెళ్తారా?" అని అడిగింది. ఎందుకు తీసుకెళ్ళరే, పిచ్చిదానా, అన్నాను. పిచ్చిది నేనే.

చితి ఆరాక ఏరిన ఎముకల్ని మనవాళ్ళు పూలంటారు. మర్యాద. నిన్నూ పూలే అన్నారనుకో, జిల్లేడూ పువ్వేగా మరి. మన్నీ పూలని పిడతలో పోసి, ఎర్రగుడ్డ కట్టి, ఇంట్లోకి తేకూడదు కనక శ్మశానం పక్క గదిలో మేకుకి తగిలించాం. గంగకి బయల్దేరేదాకా ఎవరివైనా అక్కడే. వారం, మహా అయితే పది రోజులు. నువ్వేం చేశావు? ఊరంతా కూర్చున్నచోట తలపాగా సవరించుకుని, "నా మన్నీని ఒంటరిగా పంపను. నా వంతు వచ్చాక ఇద్దరం కలిసే వెళ్తాం" అన్నావు.

అబ్బబ్బ! ఆడవాళ్ళు కొంగులు తడుపుకున్నారు. "ఎంత ప్రేమ! ఎంత ప్రేమ!" ఆ రాత్రి ఊళ్ళో ప్రతి పెళ్ళాం మొగుణ్ణి నీ పేరుతో దెప్పింది. నేనొక్కదాన్నే అడిగాను, "ప్రేమా మరిదీ, వాంతా?" అని. ఆ సంక్రాంతి దాకా నాతో మాట్లాడలేదు నువ్వు. హాయిగా ఉండింది.

ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికావయ్యా! ఏం తొందర? నెయ్యి తాగావు, చూర్మా తిన్నావు, పొట్ట పెంచావు. గుడ్డు పెంకు కనబడితే వీధి మార్చావు. నీ మేనల్లుడు పట్నంలో కోడి తిన్నాడని ఎవరో చెబితే, వాడు కూర్చున్న మంచాన్ని బయటపెట్టి కడిగించావు. అంత శుద్ధి! మన్నీ మాత్రం మేకు మీద. ఎర్రగుడ్డ మట్టిరంగుకి తిరిగింది. నేను మేకలు తోలుకుని అటు వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి పలకరించేదాన్ని. "ఇంకా చావలేదే" అని చెప్పి వచ్చేదాన్ని.

మొత్తానికి చచ్చావు. దానికి నీకు రుణపడి ఉన్నాం.

ఆఁ, మొన్నటి సంగతి. జీపు కట్టించారు. నిన్ను బీర్బల్ మెళ్ళో, మన్నీని చిన్నాడు శీశ్‌పాల్ మెళ్ళో వేసుకున్నారు. నేను ఓణీ చంకన పెట్టుకుని వెనక ఎక్కాను. "నువ్వెందుకు పెద్దమ్మా, ఈ చలిలో" అన్నాడు బీర్బల్. "మీ అమ్మ ఒంటరిగా వెళ్ళకూడదుట కదరా, మీ నాన్న చెప్పాడు" అన్నాను.

ఇక్కడ తిండికి ఆగాం. పూలని నేల మీద పెట్టకూడదు, మెళ్ళో ఉంచుకుని ఎంగిలి పడకూడదు. అందుకని బీర్బల్ నిన్ను తీసి ఈ కొమ్మకి తగిలించాడు. శీశ్‌పాల్ తినలేదు. మొహం ఆకుపచ్చగా తిరిగి జీపులోనే కూర్చున్నాడు, మన్నీ మెళ్ళోనే ఉంది. నీ వాంతి వాడికి వచ్చింది. పొలం పెద్దాడు రాయించుకున్నాడు కనక, నీ ఆస్తిలో వాడికి దక్కింది అదొక్కటే. దాన్ని తిట్టనులే. అది లేకపోతే నా చెల్లెలు కూడా ఈ కొమ్మకే ఉండేది.

లేచేటప్పుడు ముందు సీటు కోసం అన్నదమ్ములిద్దరూ కొట్టుకున్నారు. పెద్దాడు గెలిచాడు. నోట్లో పొగాకు దట్టించుకుని, జీపులోంచే, "పద నాన్నా, బయల్దేరుతున్నాం" అన్నాడు. చెప్పాలి కదా, చెప్పకపోతే ఆత్మ వెనకే ఉండిపోతుందంటారు. మాట చెప్పాడు, మూట మరిచాడు.

నేను చూడలేదా అంటావా? నా కళ్ళకి పొరలొచ్చాయి. ఇప్పుడు కూడా నువ్వు నాకు ఎర్రగా తప్ప కనపడవు. చూసుంటే చెప్పేదాన్నా అంటావా? ఆ ప్రశ్న ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. నువ్వూ అడక్కు.

తర్వాత వినాలి నువ్వు, నవ్వొస్తుంది. బీర్బల్ దుప్పటి కింద ఇంకో సంచీ కూడా వేలాడుతోంది. గంగ ఒడ్డున మన పురోహితుడు పండాకి ఇద్దామని చూర్మా లడ్లు. దాన్ని పొట్టకి అదుముకుని కూర్చున్నాడు. "నాన్నా, యమున వచ్చింది. వంతెన దాటుతున్నాం, జాగ్రత్త." లడ్లతో. "నాన్నా, ఎడమకి తిరుగుతున్నాం." లడ్లతో. దారిలో ఇరుసు విరిగి ఒక పగలంతా రోడ్డు పక్కన పడున్నాం. "కంగారు పడకు నాన్నా, బండి బాగవుతోంది." బతికుండగా వాడు నీతో అంత మాట్లాడగా నేను చూడలేదు.

మర్నాడు హరిద్వారం చేరాం. పండా గట్టు మీదే ఉన్నాడు. కిందటిసారి కన్నా లావెక్కాడు. మీ తాత పేరూ, ముత్తాత పేరూ సాగదీసి పాడి, మంత్రం ఎత్తుకుని, మధ్యలో ఆపి, "పితాజీని ఇటివ్వు నాయనా" అన్నాడు. బీర్బల్ దుప్పటి తీశాడు. సంచీ విప్పాడు.

పండా చూశాడు. "ఇవి లడ్లు."

"లడ్లే" అన్నాడు నీ పెద్దకొడుకు.

సంచీ మూతి మళ్ళీ బిగించాడు.

అప్పుడు వాడికి తెలివి వచ్చింది. ఏం తెలివి! "నాన్న మాట ఇద్దరూ కలిసే అని. నాన్న లేకుండా అమ్మని ఎలా కలుపుతాం? అమ్మని కూడా వెనక్కి తీసుకెళ్దాం. నాన్నని తీసుకుని, వీలు చూసుకుని, మళ్ళీ వద్దాం" అన్నాడు. వీలు! నీ నోట్లోంచి ఊడిపడ్డాడు. గంగ నా పాదాల దగ్గరుంది. మన్నీ గంగకి మూరెడు దూరంలో ఉంది. మళ్ళీ ఆ గదికా? మళ్ళీ ఆ మేకుకా?

బీర్బల్‌ని ఏమీ అనలేదు నేను. గోడకి చెప్పినట్టే. చిన్నాడి వైపు తిరిగాను. "శీశ్‌పాల్, మీ అమ్మ ఎవరి మెళ్ళో ఉందిరా?"

"నా మెళ్ళో."

"మరి వాడినెందుకు చూస్తావు?"

పుట్టి బుద్ధెరిగాక వాడు అన్న మాట దాటలేదు. నీళ్ళలో బొటనవేలు ముంచి తీశాడు. "నీళ్ళు చల్లగా ఉన్నాయి పెద్దమ్మా" అన్నాడు.

"మేకు ఇంకా చల్లగా ఉంటుంది నాయనా."

దిగాడు. నడుం దాకా దిగాడు. అన్న మెట్టు మీంచి అరుస్తూనే ఉన్నాడు, "నాన్న మాటరా, నాన్న మాట!" అని. ముడి ఇన్నేళ్ళకి బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో కొరికి విప్పాడు. పిడత వంచాడు. అంతే, మరిదీ. కనురెప్ప కొట్టేలోగా పోయింది. ఆ నీళ్ళు ఎవరికోసమూ ఆగేవి కావు. ఇంత చిన్న పనా, అనిపించింది. ఇంత చిన్న పనికా నువ్వు దాన్ని అన్నేళ్ళు వేలాడదీశావు!

ఓణీ కోసం పండా చెయ్యి చాచాడు. వాళ్ళింటి ఆడమనిషికి కట్టబెడదామని కాబోలు. నీళ్ళలోకి విసిరాను. పసుపుపచ్చగా కొంతదూరం కనపడింది. ఆ మాత్రం కనపడింది నా కళ్ళకి కూడా.

ఇక నువ్వు. మా జీపు డ్రైవరు మన ఊరివాడే, నా తర్వాత అంత నోరు వాడిదే. దూరంగా గట్టు మీద నిలబడి అన్నీ చూస్తున్నాడు. వాడికోసం బీర్బల్ లడ్ల సంచీ మూతి దగ్గరగా పట్టుకుని, "నాన్నా!" అని ఏడుస్తూ నీళ్ళలో కుమ్మరించాడు. అలా నువ్వూ కలిశావు. చేపలు నిన్ను బాగా మెచ్చుకున్నాయి.

ఆఁ, రెండో ముక్క. అసలు చెప్పమన్నది ఇదే.

నిన్ను ఇంటికి తీసుకెళ్తున్నారు. మళ్ళీ గంగ దాకా ఇప్పుడెవరు వెళ్తారు? రేపు ఊళ్ళో గంగ భోజనాలు. పొలిమేర దగ్గర ఆడవాళ్ళు పాటలతో ఎదురొస్తారు, చెంబుల్లో గంగనీళ్ళు పంచాలి. నువ్వు కలిసిపోయావని ఊరికి చెప్పేస్తారు. నిన్ను మాత్రం దుప్పటి కింద దాచి, చీకటి పడ్డాక శ్మశానం గదిలో మేకుకి తగిలిస్తారు. "ఎలాగూ ఆ మేకు ఖాళీయేగా పెద్దమ్మా" అన్నాడు బీర్బల్. ఎన్నాళ్ళు అన్నాను. "నా వంతు వచ్చాక ఇద్దరం కలిసే వెళ్తాం" అన్నాడు.

అవును మరిదీ. అవే మాటలు. ఒక్కటి కూడా మార్చలేదు. వాడికిప్పుడు ఒళ్ళు గట్టిగానే ఉంది, నెయ్యి బాగా తాగుతున్నాడు. నువ్వేం దిగులుపడకు. నేను మేకలు తోలుకుని వస్తూనే ఉంటానుగా. కిటికీలోంచి చెబుతుంటాను. "ఇంకా చావలేదు" అని.

ఏం, మాట్లాడవేం?

ఎవరూ? ఏంటి నాయనా, మూట దించుతావా? దించు, దించు. మెల్లిగా, నేలకి తగలనివ్వకు, మా మరిది అది. నవ్వుతావేం? చచ్చినవాణ్ణి చూసి నవ్వే ఢాబా నీదొక్కటే అయ్యుంటుంది. ఏవీ, చూడనీ. ఇలా తే దగ్గరికి.

మిరపకాయలా?

ఎలకల బాధకి ఇక్కడ కట్టావా? మరి ముందున్న మూట? ఉండు, ఉండు. నిదానంగా చెప్పు.

...

సరే మరిదీ. నేను ఇంతసేపూ మిరపకాయలకి చెప్పాను. అవీ నీలాగే, ఒక్కదానికీ జవాబివ్వలేదు.

మొన్న మేం ఇటు కదలగానే ఢాబావాడు నిన్ను చూశాడట. తినేచోట పూలు వేలాడితే గిరాకీ ఏముంటుందని, అటు పోయే లారీని ఆపి నిన్ను ఇచ్చి పంపాడట. కోళ్ళ లారీ. డ్రైవరు నిన్ను మెళ్ళో వేసుకునే బండి నడిపాడట. ప్రతి వంతెనకీ చెప్పాడట. సరుకు దింపేసి, ఖాళీ బుట్టలతో గంగ దాకా వెళ్ళి, ఆ సాయంత్రమే నిన్ను కలిపేశాడట. పొద్దున తిరుగు దారిలో ఆగి చెప్పి, టీ తాగి పోయాడట.

మేం ఇరుసు విరిగి కూర్చున్నప్పుడు పక్కనుంచి ఒక కోళ్ళ లారీ పోయింది. కంపుకి బీర్బల్ ముక్కు మూసుకుని, "కళ్ళు మూసుకో నాన్నా" అని లడ్లకి చెప్పాడు. అందులో నువ్వున్నావేమో.

మన్నీ కన్నా ముందు చేరావన్నమాట. ఒక్కడివే. వాంతి చేసుకున్నావో లేదో డ్రైవరు చెప్పలేదట.

వెళ్ళి నీ కొడుకులకి చెప్పాలి. ముందు టీ తాగుతాను.