కడగని కుండ

2007 ఎండాకాలం. టేకులపల్లి దాటాక అడవి అంచున ఓ గూడెంలో, ఇప్పపువ్వు ఆరబోస్తున్న ముసలామె ఇంటి ముందు కంపెనీ జీపు ఆగింది. అందులోంచి ఆఫీసరు దిగాడు.

"అవ్వా, ఇప్పపువ్వు పులియబెట్టి పెట్రోల్ల కలిపే స్పిరిట్ తీస్తున్నం. మా ల్యాబుల పెంచిన ఈస్టు ఈ ఎండకు చచ్చిపోతుంది. నీ కుండల ఎంత ఎండకైనా పొంగుతదట గదా?"

"అవ్ సారూ. మా అత్త కాలం నుంచి ఆ కుండను కడగలే. పులియబెట్టే గుణమంతా దాని గోడలల్లనే బతుకుతది."

"మాకు అదే కావాలె. మా సైంటిస్టులు దాన్ని తీసి పెంచుకుంటరు."

"నాకు ఏడు కుండలుండె సారూ. పన్నెండేండ్ల కింద సారా పట్టే రెయిడుకు ఒకాయన వచ్చిండు. గలీజు కుండలని ఉమ్మేసి ఆరు పగలగొట్టిండు. నా కొడుకు జంపయ్యను జీపుల ఏసుకపోయిండు. జైలు నుంచి పీనుగే వచ్చింది. మీసాలు తీసేస్తే గుర్తుపట్టననుకున్నరా?"

"అది... అప్పటి డ్యూటీ అవ్వా. ఆ నౌకరి ఇడిసిపెట్టిన."

"గట్లనా."

"మరి ఏడోది ఉన్నదా?"

"ఉన్నది. మంచంల కూసోండ్రి, తెస్త."

ఆమె లోపలికి వెళ్లి చాలాసేపటికి కుండతో వచ్చింది.

"ఏందవ్వా, గింత కాలుతుంది?"

"మసిలే నీళ్లు మూడుసార్లు పోసి, బూడిదతోటి తోమిన."

"అయ్యో, అంతా చచ్చిపోయె గదా! నీకు సుత లేకుండ చేసుకుంటివి!"

"గలీజు కుండను సారు చేతిల ఎట్ల పెడ్త? ఇగ పట్టుకపోండ్రి."