మియరాయ్‌ని పడుకోబెట్టే రోజు

చిలీ తీరంలో, ఉక్కు ఫ్యాక్టరీకి ఎదురుగా ఉన్న కొండ మీద ఎర్సీరా వంటగది. ఉదయం. చాలా ఏళ్ళ తర్వాత రెమిహియో ఆ గడప దగ్గర నిలబడ్డాడు.

“చీపురా? పొద్దున్నే నా గుమ్మంలోకొచ్చి చీపురు అడుగుతున్నావా?”

“గడ్డిదే కావాలి ఎర్సీరా. బజార్లో అన్నీ ప్లాస్టిక్‌వే. నువ్వు కట్టి అమ్ముతున్నావని విన్నాను.”

“నీకు ఊడవడం ఎప్పుడొచ్చింది? నాతో కాపురం చేసినన్నాళ్ళూ చీపురు ఏ మూల ఉంటుందో కూడా తెలిసేది కాదు.”

“ఇంటికి కాదే. ఫ్యాక్టరీకి.”

“ముందు లోపలికి రా. చలంతా వచ్చేస్తోంది. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊడింది. ఇటు కూర్చో. మెడకి ఏమీ చుట్టుకోలేదా?”

“మర్చిపోయాను.”

“మర్చిపోతావు. దగ్గొస్తే అప్పుడు గుర్తొస్తుంది.”

“అప్పుడే కోటు వేసుకున్నావే.”

“వేసుకోనా మరి? పన్నెండింటికి కదా మన పాత ఫర్నేసుని ఆర్పేది. యూనియన్ నుంచి ఆ పొట్టి గజార్దో వచ్చి మరీ చెప్పాడు. మీరొచ్చి దానికి ‘పడుకో’ అనే ఆ మాట చెప్పేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరమ్మా అన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని మరీ చెప్పాడు.”

“టైముందిలే.”

“ఉందా?”

“ఆ చీపుళ్ళు ఎక్కడ పెడతావు, వెనకనా?”

“తలుపు వెనక ఉన్నాయి. పారిపోవులే. సోపైపియాలు వేస్తున్నాను, నూనెలోంచి తీసినవి తీసినట్టు తిను. గుమ్మడికాయ ఎక్కువ వేశాను, నీకు అలాగే కదా ఇష్టం.”

“నాకోసం వేశావా?”

“నీకోసమెందుకు? పిండి మిగిలింది.”

“నేనొస్తానని ఎవరన్నా చెప్పారా?”

“ఎవరు చెబుతారు? తిను, చల్లారితే సాగుతాయి. చీపురెందుకో చెప్పు.”

“కొత్త ఫర్నేసు దగ్గరికి. హైడ్రోజన్‌తో నడుస్తుంది చూడు, దాని దగ్గరికి. కుర్రాళ్ళకి పని చూపించమని నన్ను మళ్ళీ పిలిచారు.”

“ముసలాడివి నువ్వేం చూపిస్తావు వాళ్ళకి?”

“హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి కనబడదు. పొగ లేదు, రంగు లేదు. గొట్టం ఎక్కడన్నా కారి అంటుకుందంటే, ఎదురుగా నిలబడినా తెలీదు. యంత్రాలు పెట్టారనుకో, అవే కూస్తాయి. కానీ అవి మొరాయించిన రోజు, గడ్డి చీపురు ముందుకి చాచి పట్టుకుని మెల్లగా నడవాలి. చీపురు అంటుకుంటే అక్కడ మంటుందని.”

“నాతో వేళాకోళమా?”

“మా అమ్మ మీద ఒట్టు.”

“మీ అమ్మ మీద నువ్వు చాలా ఒట్లు పెట్టావు.”

“నిజమేనే. ప్లాస్టిక్‌దైతే కరిగి కారుతుంది. గడ్డిదైతే టక్కున అంటుకుంటుంది.”

“అంటే మంట ఉందో లేదో తెలియాలంటే ముందు ఏదో ఒకటి కాలాలన్నమాట.”

“ఊఁ. అంతే.”

“మరి దానికి హోరుంటుందా? మన దానిలాగా?”

“ఉండదు. మహా అయితే ఈల వేసినట్టుంటుంది.”

“రాత్రిళ్ళు మబ్బుల మీద ఎర్రగా పడుతుందా?”

“పడదు.”

“అయితే కొండ మీద ఉన్నవాళ్ళకి అది బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?”

“తెలీదు ఎర్సీరా. తెలియక్కర్లేదు కూడా.”

“నాకు తెలియాలి. ఇన్నేళ్ళూ ఆ హోరు వింటూనే కళ్ళు మూశాను. ఆ చప్పుడు కాస్త మారితే చాలు, లేచి కూర్చుంటాను. ఇవాళ ఆ హోరు వినబడటం లేదేంటి?”

“గాలి... గాలి అటు తిరిగింది. దక్షిణం నుంచి కొడుతోంది.”

“దక్షిణం గాలైతే ఇంకా బాగా వినబడాలి.”

“ఇంకోటి వెయ్యి. బాగున్నాయి.”

“మొదటిదే తినలేదు నువ్వు.”

“తింటున్నా.”

“టోపీ కూడా తియ్యలేదు.”

“చలి.”

“పొయ్యి పక్కనే కూర్చున్నావు. రెమిహియో, నాతో చెప్పాల్సింది ఏమన్నా ఉందా?”

“ఏముంటుంది? చీపురు కోసం వచ్చాను.”

“సరే. చీపురు కోసం వచ్చావు.”

“ఆ కొత్తది చూస్తే నీకు నచ్చుతుంది తెలుసా? గాలిమరల కరెంటుతో నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. ఖనిజం రాయిలో ఇనుముని పట్టుకుని ఆక్సిజన్ ఉంటుంది, వదలదు. ఇన్నాళ్ళూ బొగ్గు దాన్ని లాక్కుపోయేది, ఆ రెండూ కలిసి పొగగొట్టంలోంచి పైకి పోయేవి. ఇప్పుడు హైడ్రోజన్ వచ్చి తీసుకుపోతుంది. రెండూ కలిసి నీళ్ళైపోతాయి. ఉత్త నీళ్ళు.”

“ఏదొచ్చినా విడదీయడం మాత్రం తప్పదు.”

“విడదీస్తేనే కదా ఇనుము.”

“పొగే ఉండదా అసలు?”

“ఈ ఫర్నేసుకి ఉండదు. బొగ్గుని కాల్చి కోక్ చేసే బట్టీలు కూడా మూసేస్తారు. కిటికీ రెక్క మీద నల్ల దుమ్ముండదు. తీగ మీద బట్టలు ఆరేస్తే తెల్లగానే ఉంటాయి.”

“పిల్లలకి ఆయాసం?”

“గోడలకి మసి కూడా పట్టదు.”

“అడిగాను. పిల్లలకి ఆయాసం రాదా?”

“అంత రాదంటున్నారు.”

“మరి ఇది ముందే ఎందుకు రాలేదు రెమిహియో?”

“నన్నడిగితే ఏం చెప్పను?”

“నిన్ను కాక ఎవరిని అడగను? మన పిల్లకి ఏడేళ్ళప్పుడు తెల్ల గౌను తొడిగి, నీ భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళావు. ఫర్నేసుకి కొత్తగా ఇటుక వేశారు, ఆడపిల్ల వెలిగించాలి, ఆ పిల్ల పేరే పెట్టాలి, అది మన వాడుక అన్నావు. అందరి పిల్లల్లోనూ మన పిల్లకే వచ్చింది అని ఊరంతా తిరిగి చెప్పావు.”

“నువ్వూ చెప్పావు. బేకరీలో రొట్టెలు తూచేదానికి రెండుసార్లు చెప్పావు.”

“చెప్పాను. ఎందుకు చెప్పను? అంత పొడుగు కాగడా పట్టుకుని, ‘లే మియరాయ్’ అంది. తన పేరు తనే పిలుచుకుంటున్నందుకు నవ్వొచ్చి మధ్యలో ఆగిపోయింది. మీరంతా ఆగారు. మళ్ళీ చెప్పించారు.”

“కాగడా బరువైంది. కింద నేను చెయ్యి పెట్టాను.”

“తెలుసు. ఫోటోలో నీ చెయ్యి ఒక్కటే పడింది.”

“అప్పటికి దానికి ఏమీ లేదు ఎర్సీరా. చలికాలం వస్తే కాస్త దగ్గేది, అంతే.”

“అంతే. తర్వాత అది మెట్లెక్కలేకపోయేది. రాత్రంతా కూర్చునే నిద్రపోయేది. అటు ఫర్నేసు హోరు, ఇటు దాని గుండెలో పిల్లికూతలు. రెండు మియరాయ్‌ల మధ్య నేను మేలుకుని కూర్చునేదాన్ని.”

“ఊరు మారదామని నువ్వన్నావు. నేను వినలేదు. అదే కదా చెప్పాలనుకుంటున్నావు.”

“కాదు. ఆ మాట ఎప్పుడో అరిగిపోయింది. ఆ పొగ అందరి ఇళ్ళలోకీ వచ్చింది, అందరి పిల్లలకీ అన్నం పెట్టింది. దాన్ని తిట్టి తిట్టి నాకు నోరు నొప్పి పుట్టింది.”

“మరేంటి?”

“నీకు మేజోళ్ళు గుర్తున్నాయా?”

“వద్దు ఎర్సీరా.”

“ఊలువి, ఎర్రవి. నేను అల్లినవి.”

“వద్దన్నానా.”

“పెద్దాసుపత్రి నుంచి నువ్వొక్కడివే వచ్చావు. ఇదే వంటగది. నేను సూప్ కాచుకుని ఫ్లాస్కులో పోస్తున్నాను. నువ్వొచ్చి, దాని కాళ్ళు చల్లగా ఉన్నాయి, మేజోళ్ళు ఇవ్వు అన్నావు. రొట్టె ఉందా అన్నావు. బస్సులో జనం ఎక్కువగా ఉన్నారన్నావు. సగం రొట్టె తిన్నావు కూడా.”

“తినలేదు. నోట్లో పెట్టుకున్నాను.”

“నేను మేజోళ్ళు పొయ్యి దగ్గర వెచ్చబెట్టి, చేతిలో పట్టుకుని వెళ్ళాను. మెట్లన్నీ ఎక్కాను. చూస్తే మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా మార్చేశారు. నర్సు నా చేతిలో మేజోళ్ళు చూసి మొహం తిప్పుకుంది.”

“నోరు రాలేదు. నాకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి ఎన్నిసార్లు చెప్పాను ఈ మాట.”

“చెప్పావు.”

“అందుకే నన్ను పొమ్మన్నావు.”

“పొమ్మనలేదు. ఉండమనలేదు, అంతే. పిల్ల పోయిందని కాదు రెమిహియో. పోయిన పిల్ల దగ్గరికి నన్ను మేజోళ్ళతో పంపావు. నువ్వు చెప్పుంటే మంచం ఖాళీ అయ్యేలోపే పరుగెత్తేదాన్ని. దానితో ఒక్క మాట మాట్లాడే వీలు లేకుండా పోయింది.”

“అందుకే గజార్దోతో నేనే చెప్పాను. వాడుక ప్రకారం వెలిగించిన పిల్లే పడుకోబెట్టాలి, పిల్ల లేకపోతే తల్లి. తల్లి ఉంది, ఆవిడొచ్చేదాకా ఆగాలి అని పట్టుబట్టాను. ఇంజినీర్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ అన్నాను.”

“నువ్వే చెప్పావా?”

“నేనే.”

“పొట్టివాడు ఆ మాట అనలేదు.”

“అనొద్దన్నాను.”

“అయితే లే. వెళ్దాం. శాలువా వేసుకుంటాను.”

“ఇప్పుడా?”

“నడిచేసరికి టైమవుతుంది. నా మోకాళ్ళ సంగతి తెలుసుగా.”

“కింద రోడ్డు మూసేశారు.”

“మెట్ల దారిన పోదాం.”

“మెట్లు జారుడుగా ఉన్నాయి. పొద్దున చినుకులు పడ్డాయి.”

“నీ చెయ్యి పట్టుకుంటాను.”

“ఎర్సీరా, ఇలా చూడు. ఇక్కడి నుంచే చెప్పకూడదా ఆ మాట? ఈ కిటికీలోంచి? అక్కడ ఒకటే జనం, దుమ్ము, నిలబడటానికి చోటుండదు. ఇక్కడ చెప్పు, నేను విని అక్కడికి మోసుకుపోతాను. దాని పక్కన నిలబడి నీ మాటగా చెబుతాను.”

“నా మాట నువ్వు చెబుతావా?”

“చెబుతాను.”

“నీకు నోరొస్తుందా? ఒక్కటడుగుతాను. నా మొహం చూసి చెప్పు. ఇప్పుడు మనం వెళ్తే అది నా మాట వింటుందా?”

“వినక... ఎందుకు వినదు? నువ్వు సోపైపియా ఒక్కటీ తినలేదు. తిని వెళ్దాం. చీపుళ్ళు రెండివ్వు, ఒకటి చాలదు.”

“రెండెందుకు, నాలుగు తీసుకుపో. రెమిహియో.”

“ఊఁ.”

“ఇంక చాలు. తెల్లారకముందే ఆర్పేశారు కదా. ఆ సోపైపియా కింద పెట్టు. నలిపేస్తున్నావు.”

“నీకు... నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. చప్పుడు మారగానే లేచి కూర్చున్నాను. ముందు హోరు సన్నబడింది. పిల్లకి ఆయాసం ఎక్కువైనప్పుడు ఊపిరి సన్నబడేది చూడు, అలాగే.”

“ఫర్నేసుని చల్లబరిచే నీళ్ళ గొట్టం పగిలింది. నీళ్ళు లోపలికి కారుతున్నాయి, ఇంకాసేపుంటే పేలిపోయేది. మనవాళ్ళందరూ ఉన్నారు. మధ్యాహ్నం దాకా లాగుదామని చూశారు, గజార్దో ఏడ్చాడు కూడా. కుదరలేదు. ఎవరూ ఆ మాట చెప్పలేదు ఎర్సీరా. నా నోటికి రాలేదు. పడుకో అని ఒక్కళ్ళు కూడా చెప్పకుండానే మియరాయ్...”

“నేను చెప్పాను.”

“ఏంటి?”

“హోరు ఇంకా ఉండగానే ఈ కిటికీ తెరిచి చెప్పాను. ఎరుపు ఇంకా మబ్బు మీదే ఉంది. ఇంక పడుకో తల్లీ, అమ్మ ఇక్కడే ఉంది అన్నాను. పూర్తిగా ఆగేదాకా రెక్క పట్టుకుని నిలబడ్డాను. ఈసారి నేను పక్కనే ఉన్నాను.”

“మరి... తెలిసి కూడా ఈ కోటు ఏంటి? ఈ సోపైపియాలు, వెళ్దాం లే అనడం, ఇదంతా ఏంటి ఎర్సీరా?”

“హోరు ఆగింది కదా, చెప్పడానికి నువ్వే వస్తావనుకుని కోటు వేసుకుని కూర్చున్నాను. నువ్వు గుమ్మంలో నిలబడి చీపురు అనగానే అర్థమైంది ఎందుకొచ్చావో. ఈసారైనా నీ నోటితో నువ్వే చెబుతావేమోనని చూశాను.”